రేకు విప్పిన సీసా

పట్టాభిరామ్‌లో ఉండే ఆరోగ్యమేరి, తిరువళ్లూరు దగ్గర ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పదకొండేళ్లుగా గాజుసామాను కడుగుతోంది. ఇన్నేళ్లలో ఒక్క సీసా పగలగొట్టలేదని ఆమెకు గర్వం.

ఆ ల్యాబులో తిరుత్తణి అమ్మాయి భార్గవి రీసెర్చి చేస్తోంది. మొదలూ కొసా కలిసి చేతిగాజులా గుండ్రంగా ఉండే అణువులను తయారుచేయడం ఆమె పని. వాటిని గాజుపలక మీద పలుచని పొరగా పూసి, గాలి చొరకుండా మూసేస్తే, వెలుతురు పడగానే కరెంటు పుట్టించే పరికరమవుతుంది. నాలుగు నెలల శ్రమకు చిన్న సీసాడు ద్రావణం దక్కింది. ఎండ తగిలితే చెడిపోతుందని దానికి అల్యూమినియం రేకు చుట్టి బీరువాలో దాచింది.

"అబ్బ, ఏం పచ్చ! నెమలి మెడ మాదిరి ఉంది" అని తోటి విద్యార్థిని జెనిఫర్ అంటుంటే మేరి విన్నది.

శనివారం గది తుడుస్తూ సీసా తీసి, రేకు విప్పి, కిటికీలో పెట్టి చూసింది. నిజంగానే నెమలి మెడ. అంతలో నీళ్ల ట్యాంకు పొర్లిపోతోందని కింది నుంచి వాచ్‌మన్ కేకేశాడు. పరుగున వెళ్లింది. సీసా మాట మరిచి అట్నుంచటే ఇంటికి రైలెక్కేసింది.

సోమవారానికి పచ్చ పోయి మురికి పసుపు మిగిలింది. ఆ సీసాను చివరగా వాడింది జెనిఫర్. భార్గవి ఆమెను అందరి ముందూ దులిపేసింది. "లేదక్కా, నేను రేకు చుట్టే పెట్టినాను" అని జెనిఫర్ ఏడుస్తుంటే, మేరి పక్కనే తొట్టి దగ్గర బీకరు రుద్దుతూ ఉండిపోయింది.

రెండు రోజులు తల ఎత్తలేకపోయింది. బుధవారం భార్గవి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, రేకు విప్పింది నేనే. రంగు చూడాలని ఆశపడితిని."

"అడిగింటే నేనే చూపించిందును గదక్కా" అంది భార్గవి. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేదనుకుంది మేరి.

అందరి ముందూ తిట్టినందుకు తనను క్షమించమని భార్గవి జెనిఫర్‌ను అడిగింది. మేరి కూడా వెళ్లి జెనిఫర్ చేతులు పట్టుకుంది.

"తెలీక విప్పినావు, పోనీ. నేను ఏడస్తా ఉంటే ఏమిటికి ఊరికే ఉంటివక్కా?"

మేరి తిరిగి తొట్టి దగ్గరికి వెళ్లింది.

ఆ ద్రావణం తయారవడానికి మళ్లీ నాలుగు నెలలు పట్టింది. పరికరం మీద దీపం వెయ్యగానే కంప్యూటర్ తెరపై కరెంటును చూపే గీత పైకి లేచింది. భార్గవి పిలిస్తే మేరి గడప దగ్గరే నిలబడి చూసి, తిరిగి వచ్చేసింది. జెనిఫర్ ఇప్పుడు పలకరిస్తుంది. తన సీసాలు మాత్రం తనే కడుక్కుంటుంది.