అత్తమ్మ కుట్టుమిషను, నా పళ్ల సందులు

మొదటి ఉద్యోగం చేసే రోజుల్లో, పుస్తకాలు చదివేవాడిని కనక నాకు అన్నీ తెలుసనుకునేవాణ్ణి. నా నోట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. ఆఫీసు ఎల్బీనగర్‌లో, ఉండేది సరూర్‌నగర్‌లో మేనత్త ఇంట్లో. ఆమె జాకెట్లు కుట్టేది. పళ్లు తోముకుంటే రక్తం వస్తోందని దవాఖానకు వెళితే డాక్టరమ్మ, "చిగుళ్లు వాచాయండీ. ఇలాగే వదిలేస్తే పళ్లు కదులుతాయి" అంది. ఇరవై మూడేళ్లకే బోసినోరా! పళ్ల సందుల్లో పెట్టే సన్నని బ్రష్షులు వాడాలనీ, ఏ సందుకు ఏ సైజో ఆదివారం చూసి చెబుతాననీ అంది.

ఆదివారం దాకా పళ్లు ఉంటాయో ఊడతాయో (ఒక్కటీ కదలడం లేదు, అది వేరే సంగతి). ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌ మందుల షాపులో అన్నిటికన్నా లావు బ్రష్షు కొన్నాను. లావుదైతే బాగా శుభ్రం చేస్తుందని నా తర్కం. అద్దం ముందు నిలబడి బలంగా నెట్టాను. సింకు ఎర్రబడింది. నా కేకకు అత్తమ్మ మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది.

"ఏందిరా అల్లుడా, గునపం దింపుతున్నవా? సన్న బట్టకు లావు సూది పెడితే చినగదా? పట్టేది చూసి పెట్టాలె. గుద్దుతే ఎట్ల?"

ఆదివారం డాక్టరమ్మా అదే చెప్పింది, సూదుల ఊసు లేకుండా. బలవంతం లేకుండా దూరాలి, అలాగని వదులుగా ఉండకూడదు. ముందు పళ్లకు బాగా సన్నది, దవడ పళ్లకు కొంచెం లావుది. రెండు వారాల్లో రక్తం ఆగింది. నోట్లో ఏదో నూనె వాసన మాత్రం వచ్చేది. బ్రష్షుకు మందు పూస్తారేమో అనుకున్నాను.

ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసరికి, అత్తమ్మ మిషను బాబిన్ దగ్గర ఇరుక్కున్న నూలు పీచు తీస్తోంది. చేతిలో నా సన్న బ్రష్షు.

"అత్తమ్మా! అది నా నోట్లోది!"

"ఎరికే. సబ్బు పెట్టి కడిగి, మల్ల నీ గ్లాసులనే పెడ్తున్న గద. గింత సన్నది నాకేడ దొరుకుతది?"

"రోజూనా?"

"రోజెందుకు? కుట్టిననాడే."

(ఆమె కుట్టని రోజు లేదు.)

సింకు దగ్గరికి పరుగెత్తాను. వెనక ఆమె నవ్వి నవ్వి కూలబడింది. మర్నాడు రెండు పాకెట్లు తెచ్చాను, ఒకటి ఆమెకు.

పోయిన నెల ఆమె పోయింది. కర్మలు అయ్యాక మిషను సొరుగు తీస్తే, దారపు రీళ్ల మధ్య నల్లబడ్డ సన్న బ్రష్షు కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే మిషను నూనె వాసన. ఆ రోజు నేను చేసిన గోల గుర్తొచ్చింది. ఒక్కణ్ణే కూర్చుని, ఉన్న పళ్లన్నీ కనబడేలా నవ్వాను. ఒక్కటీ ఊడలేదు.