నా పక్కన చోటు

అరవైల్లో సంగతి. టాటానగర్ స్టేషన్లో బండి ఆలస్యం. నన్ను చూసి ఒక పెద్దాయన బెంచీ మీది ట్రంకుపెట్టె కిందికి దించి చోటిచ్చాడు. మా శ్రీకాకుళం యాసే. చాలా ఏళ్లు లారీ తోలాడట.

ఆ ఊళ్లో నేనుండే గోల్‌మురి పేటలో తెలుగువాళ్లకి కొదవ లేదు. అయినా నాతో ఎవరైనా నింపాదిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో! అడక్కుండానే నా గొడవంతా చెప్పేశాను. ముందు సీటు బెంచీలా ఒకటే ఉండే నా పాత అమెరికా కారుకి డీజిల్ ఇంజన్ ఎక్కిస్తున్నాను. గేరుబాక్సు పాతదే ఉంచాలో, లారీది పెట్టాలో తేలడం లేదు.

“లారీదే గట్టిది బాబూ. గానీ దాని గేరు రాడ్డు సీటు మధ్యకొచ్చేత్తాది. పాతదానికైతే స్టీరింగు కిందే ఉంటాది. నీ పక్కన ఆనుకుని కూకునేవోలున్నారేటి?”

“ఎవరూ లేరండీ.”

ఆయన ట్రంకుపెట్టెని కాలితో ఇంకాస్త అవతలికి నెట్టాడు.

“ఇప్పుడు లేరు. చోటుండనీ.”

పాతదే ఉంచాను. ఎత్తు ఎక్కాలంటే కారు మూలిగేది, మెకానిక్కు నన్ను తిట్టిపోసేవాడు. అమ్మేసేదాకా నా పక్కన సంచి కూడా పెట్టలేదు.