రేడియో గొంతు

యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పళ్ళ మేస్త్రికి విమానం ఎక్కే అవసరం పడలేదు. పళ్ళ డాక్టరు ఆస్పత్రిలో, వెనకగదిలో, మైనం కరిగిస్తూ, ప్లాస్టరు అచ్చులు అరగదీస్తూ, కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేస్తూ ముప్ఫై ఏళ్ళు వెళ్ళదీశాడు. ఎవరెదురైనా ముందు మొహం చూడడు, నోరు చూస్తాడు. "మీరు మాట్లాడేది నాతోనా, నా పళ్ళతోనా?" అని పెళ్ళయిన కొత్తలో భార్య నిలదీసింది కూడా.

ఈమధ్య డాక్టరుగారు పళ్ళను తనంతట తానే చెక్కే మిషను ఒకటి కొన్నారు. దాన్ని నడపడం నేర్చుకురమ్మని మేస్త్రిని పదిరోజులు పరాయిదేశం పంపారు. ఆ మిషను తన నోటి దగ్గర కూడు లాక్కుంటుందేమోనని లోపల బెంగగానే ఉన్నా, పెట్టె మాత్రం హుషారుగా సర్దుకున్నాడు. ఆ దేశంలో అతని స్నేహితులు ఇద్దరున్నారు మరి.

పెళ్ళిళ్ళు కాకముందు ముగ్గురూ ఒకే గదిలో ఆరేళ్ళున్నారు. ఆరడుగులు దాటినవాడు నిచ్చెన. లిఫ్టులు బాగుచేసేవాడు. నీకు లిఫ్టెందుకురా, చెయ్యి చాపితే మేడ అందుతుంది కదా అని ఏడిపించేవాళ్ళు. రెండోవాడు రేడియో. బస్సు డ్రైవరు. నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. వాడు స్నానాలగదిలో పాట ఎత్తుకుంటే, బయట బకెట్లతో వరసలో నిలబడ్డవాళ్ళు పోట్లాట ఆపి వినేవాళ్ళు. ఇద్దరూ ఏడాది తేడాలో ఆ దేశం వెళ్ళి స్థిరపడ్డారు.

దిగిన మర్నాడే నిచ్చెన సగంరోజు రైలు ప్రయాణం చేసి వచ్చి, మేస్త్రిని వాటేసుకుని పైకెత్తేశాడు. రేడియో మాట ఎత్తగానే మాత్రం మొహం ముడుచుకుంది.

"వాడితో మాటల్లేవురా. నాలుగేళ్ళయింది."

"ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు. ఓసారి ఫోన్ చేస్తే ముక్కుతో మాట్లాడాడు. ఎప్పటిలా వేళాకోళమనుకుని నేనూ ముక్కుతోనే జవాబిచ్చా. పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. ఇంటికెళ్తే ఇల్లు మారిపోయారన్నారు. వాళ్ళావిడ ఇక్కడి పెద్దాస్పత్రిలో బట్టలుతికే చోట పనిచేసేది, ఇంకా అక్కడే ఉందేమో. నాకు మొహం చెల్లక వెళ్ళలేదు, నువ్వెళ్ళి అడగరా. నావల్ల ఏం తప్పు జరిగిందో కనుక్కో."

అంత పొడుగు మనిషీ చిన్నపిల్లాడిలా అడిగేసరికి మేస్త్రి కాదనలేకపోయాడు.

మర్నాడు శిక్షణ అయ్యాక ఆస్పత్రికి వెళ్ళాడు. నేలమాళిగలో, ఆవిరి మధ్య, దుప్పట్లు మడతపెడుతున్న రేడియో భార్య అతన్ని చూసి ముందు భయపడింది. తర్వాత దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అన్నయ్యగారూ, ఆయన ఎవర్నీ రానివ్వడం లేదు. కానీ మీరు పళ్ళపనివారు కదా. మీరు రండి."

రేడియో ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్క కుర్చీలో చిక్కిపోయిన మనిషి. కుడి బుగ్గ లోపలికి పోయింది. మేస్త్రిని చూడగానే నోరు తెరిచి ఏదో అన్నాడు. అందులో ఒక్క అక్షరమూ నిలబడలేదు, అన్నీ ముక్కులోకి జారిపోయాయి.

"'ఎప్పుడొచ్చావురా దొంగా' అంటున్నారు," అంది భార్య, అలవాటైన గొంతుతో.

నాలుగేళ్ళ కిందట కాన్సరు పుండొస్తే అంగిలి సగం తీసేశారు. ఆ కంత మూయడానికి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పలక వదులైపోయింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. ఆ పరిస్థితిలో మొట్టమొదట వచ్చిన ఫోను నిచ్చెనది. తన గొంతును తనకే వెక్కిరించి వినిపించిన ఫోను.

మేస్త్రి ఆ పాత పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది పలక కాదురా, కుండపెంకు. నేను చేస్తాను కొత్తది," అన్నాడు.

శిక్షణ ఇచ్చే ఆవిడ మంచిది. సంగతి విని, మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల వాడుకోమంది. మర్నాడు సాయంత్రం అచ్చు తీసే పిండి పట్టుకుని మేస్త్రి మళ్ళీ రేడియో ఇంటికి వెళ్ళాడు. అచ్చు తియ్యడం డాక్టరు పనే కానీ, ముప్ఫై ఏళ్ళు పక్కన నిలబడ్డవాడికి తెలియనిది కాదు. భార్య టార్చిలైటు పట్టుకుంది. లోపలికి పిండి పోకుండా కంతలో గాజుగుడ్డ కుక్కుతుంటే, వెనకవైపు అంచున ఎర్రగా, గట్టిగా, కొత్తగా లేచిన గడ్డ అతని కంటబడింది. చెయ్యి ఆగిపోయింది. అలాంటివి అతను చూశాడు. అవి ఎటు పోతాయో కూడా తెలుసు.

భార్యని మంచినీళ్ళు తెమ్మని పంపి, "ఒరేయ్, లోపల..." అని మొదలుపెట్టాడు.

రేడియో చెయ్యెత్తి ఆపాడు. పక్కనున్న కాగితం మీద రాశాడు: "పోయిన నెలే డాక్టరు చెప్పాడు. మా ఆవిడకి తెలుసు. నిచ్చెనకి తెలియకూడదు. ఒట్టెయ్."

మేస్త్రి వాడి చేతిలో చెయ్యి వేశాడు.

ఐదు మధ్యాహ్నాలు తిండి మానేసి పలక చేశాడు. అందరూ మిషను ముందు కూర్చుని మీటలు నొక్కడం నేర్చుకుంటుంటే, అతని మనసు గులాబీరంగు పొడి మీదా, దాన్ని తడిపే మందు మీదా ఉండేది. గడ్డ ఉన్నచోట అంచు ఒరుసుకోకుండా చాలాసార్లు అరగదీశాడు. గడ్డ పెరిగేకొద్దీ ఈ పలకా పట్టదు. మహా అయితే నెల పనికొస్తుంది. అతను చేసిన వాటిల్లో ఇంత తక్కువకాలం మన్నేది మరొకటి లేదు.

తొమ్మిదోరోజు సాయంత్రం పెట్టి చూశారు. రేడియో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు. కొంచెం బొంగురుగా ఉన్నా, ప్రతి అంకె విడిగా, స్పష్టంగా వచ్చింది. భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది, చాలాసేపు బయటికి రాలేదు.

"ఫోన్ కలుపు," అన్నాడు రేడియో. మేస్త్రి కలిపాడు.

"ఏరా నిచ్చెనా, పైన వాతావరణం ఎలా ఉంది?"

అవతల "ఒరేయ్" అన్న ఒక్క మాట. ఆ తర్వాత ఏడుపు. రేడియో ఆపరేషను సంగతి చెప్పాడు, ఫోను పెట్టేసిన కారణం చెప్పాడు. "నీకు తెలీదు కదరా, వదిలెయ్. ఇప్పుడు నేను బాగున్నా," అన్నాడు.

"రేపే వస్తానురా!"

"రేపొద్దు. వచ్చే నెల రా. కాస్త కండ పట్టనీ. ఈ మొహంతో నీకు కనపడాలని లేదు."

ఆ తర్వాత నిచ్చెన మేస్త్రిని ఫోనులోకి పిలిచి, "వాడు నిజంగా బాగున్నాడా?" అని అడిగాడు. రేడియో కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"బాగున్నాడురా," అన్నాడు మేస్త్రి.

మర్నాడు విమానం ఎక్కాడు. ఐదు వారాలకి రేడియో పోయాడు. నిచ్చెన సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని ఉన్నాడు. ఇంకో నాలుగు రోజులకి ప్రయాణం.

అంత్యక్రియలయ్యాక నిచ్చెన ఫోన్ చేశాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"వాళ్ళావిడ చెప్పింది. నీకు అప్పుడే తెలుసటగా?"

"తెలుసు. వాడు ఒట్టేయించుకున్నాడురా..."

"వాడు అలాగే అంటాడు. పోయేవాడు వాడు. ఉండేవాణ్ణి నేను. నా గురించి కూడా ఆలోచించాల్సింది నువ్వే కదరా."

అంతటితో నిచ్చెన ఫోను పెట్టేశాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆస్పత్రి వెనకగదిలో ఇప్పుడు మిషను గిర్రున తిరుగుతూ పళ్ళు చెక్కుతోంది, మేస్త్రి దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. ఆదివారాలు నిచ్చెనకి ఫోన్ చేస్తాడు. మోగి మోగి ఆగిపోతుంది. "ఆయన చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. ఇందులో మీ తప్పేముంది?" అంటుంది మేస్త్రి భార్య. కావచ్చు. కానీ ఒట్టేసిన ఆ సాయంత్రం ఇద్దరు స్నేహితుల్లో ఎవరో ఒకరికి అన్యాయం చెయ్యక తప్పదని తనకు తెలుసనీ, ఎవరికి చెయ్యాలో క్షణం కూడా ఆలోచించలేదనీ అతను ఆమెకి ఇంతవరకు చెప్పలేదు.