బండ నీళ్ళోసుకుంది

వీధిలో అందరూ ఆమెను సీసమత్త అంటారు. చేపల వలలకు కట్టే సీసపు గుళ్ళు పోత పోయడం ఆమె పని. వంటింట్లో ఒక పొయ్యి మీద కూర, పక్క పొయ్యి మీద మూకుట్లో సీసం. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఇదే వరస. వ్యాపారి పాత సీసం తెచ్చి గుమ్మంలో పడేస్తాడు, గుళ్ళు తూచుకుని పట్టుకుపోతాడు. పొగ మాత్రం ఇంట్లోవాళ్ళకే వదిలేస్తాడు.

కోడలు నెల తప్పింది. సీసం పొగ, ధూళి కడుపులో బిడ్డకు చేటని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. ఇంటికి రాగానే కోడలు బట్టల సంచీ సర్ది గుమ్మం పక్క మేకుకు తగిలించింది.

"మీ మీద కోపం లేదత్తయ్యా. ఆ మూకుడైనా బయటికెళ్ళాలి, నేనైనా మా అమ్మ దగ్గరికెళ్ళాలి."

"ఇన్నేళ్ళు కరిగించాను, నాకేమైందే?"

"నిన్న కళ్ళజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా గాలించారు."

"అది సీసం వల్ల కాదు, మీ మామయ్య వల్ల!" అందే గాని, ఆ సంచీ చూస్తే సీసమత్తకు ముద్ద దిగలేదు.

"సరే, పెరట్లో కరిగిస్తా. ఆరుబయట గాలికి మూకుడు ఆగదు. మందంగా, లోతుగా ఇంకోటి కావాలి. నువ్వు ఆ సంచీ కాస్త దించు."

"కుదిరాక దించుతా. ఇంకోటి, నా సంగతి అప్పుడే వీధిలో పొక్కకూడదు."

"నోరు కుట్టేసుకుంటా."

పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టిన గ్యాసు బండ దొరికింది. వెల్డింగాయన దాన్ని నిలువునా చూసి, పైన సగం కోసేస్తే మిగతాది గంగాళమవుతుందని, మూడు కాళ్ళు అతికిస్తానని అన్నాడు.

"మరి కొయ్యవయ్యా! ఖాళీదేగా."

"ఖాళీదని కోసినోళ్ళే ఎగిరిపోయారు వదినా. లోపల గ్యాసు నక్కుంటుంది." బండను సీసమత్త ఇంటి పక్కనున్న పెద్ద ఖాళీ స్థలంలోకి దొర్లించి, మూతికున్న వాల్వు తనే జాగ్రత్తగా ఊడదీశాడు. "మూతి దాకా నీళ్ళు నింపు. నిండితేనే నిప్పు దగ్గరికి తెస్తా," అని చెప్పి, వేరే పని చూసుకోవడానికి వెళ్ళాడు.

కుళాయి సన్నగా కారుతోంది. బండ నిండేసరికి సీసమత్తకు నడుం పడిపోయింది. అప్పుడే వెల్డింగాయన వీధి ఆ చివరి నుంచి గొంతెత్తాడు.

"ఏం వదినా, నీళ్ళోసుకుందా?"

"పోసుకుందయ్యా! నిండుగా ఉంది, వచ్చి చూసుకో!"

ఎదురింటి టైలరమ్మ మిషన్ టక్కున ఆగిపోయింది. వెల్డింగాయన వచ్చేలోపే నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలో ఉన్నారు.

"ఎన్నో నెల? మాకు మాటైనా చెప్పలేదే!"

కోడలు ఎర్రబడ్డ ముఖంతో బయటికొచ్చింది. "అత్తయ్యా! నోరు కుట్టేసుకుంటానన్నారు!"

"నేనన్నది బండ సంగతే తల్లీ!"

"బండ నీళ్ళోసుకోవడమేంటి?" అని టైలరమ్మ ఆ బండకేసి చూసింది. దాని పొట్ట చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక వీధంతా ఒకటే నవ్వు. కోడలికీ ఆగలేదు.

నవ్వు సద్దుమణిగాక, ఎలాగూ గుట్టు బయటపడిందని కోడలు నర్సు చెప్పిన మాటలన్నీ చెప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు. వచ్చిన నలుగురిలో ఇద్దరివి గుళ్ళు పోసే ఇళ్ళే. ఒకామె చంకలో పాప ఉంది.

"మాకూ అదే వంటిల్లు కదమ్మా," అందామె మెల్లగా.

సీసమత్త బండ మీద చెయ్యేసింది. "గంగాళం పెద్దదే. మా పెరట్లో ఎందుకు? ఇళ్ళకు దూరంగా ఈ ఖాళీ స్థలం ఆ చివర పెడదాం. వంతులేసుకుని కరిగిద్దాం. పైన రేకులూ, కడుక్కోడానికి సబ్బూ వ్యాపారి పెట్టుకోవాలి. పెట్టనంటే గుళ్ళు ఏ ఇంట్లోనూ ఉండవు."

వ్యాపారి వచ్చాడు. గొణిగాడు. ఏ గుమ్మంలో అడిగినా అదే జవాబు. కోసిన గంగాళం మీద రేకులు పడ్డాయి.

సీసమత్త వంటిల్లు కడిగిన నీళ్ళు తేటపడ్డాక కోడలు సంచీ దించి, బట్టలు అలమరలో సర్దింది. ఖాళీ సంచీ తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఇదెందుకే?"

"పని బట్టలు ఇందులో పెట్టి ఆ రేకుల కిందే తగిలించండి. వాటితో గడప తొక్కారంటే ఈసారి మిమ్మల్ని పంపిస్తా మీ అమ్మగారింటికి."