గేదె లేని ఇంటికి పశువుల డాక్టరు

ఆ రోజుల్లో వ్యాపారం నేర్పడానికి ఒక బడి ఉంటుందని, అందులో చేరడానికి దేశమంతా కలిసి ఒక పరీక్ష రాస్తుందని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వ్యాపారం చేసేవాళ్ళు విజయవాడ వన్‌టౌన్‌లో తక్కెడ పక్కనే పుట్టి అక్కడే నేర్చుకుంటారని, మనబోటివాళ్ళు వాళ్ళ దగ్గర సరుకులు తెప్పించుకుంటారని మా నాయనమ్మ అభిప్రాయం. (తెప్పించుకోవడం ఆగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. అభిప్రాయం మాత్రం ఆగలేదు.) కంకిపాడుకు మూడు మైళ్ళ దూరంలో కాలవ గట్టున ఉన్న మా ఇంటిని చుట్టుపక్కలవాళ్ళు దివాణం అనేవారు. పొలం కొంత వ్యాజ్యాలకూ, కొంత భూపరిమితి చట్టానికీ పోగా పెంకులు జారిన మేడ, ఆ పేరు, నిటారుగా ఉండే మా వెన్నెముకలు మాకు మిగిలాయి. నేను విజయవాడలో బి.కాం. పూర్తిచేసి, ఉత్తరాదిలో ఉన్న ఒక పెద్ద బిజినెస్ స్కూలు ప్రవేశపరీక్షకు దరఖాస్తు తెప్పించుకున్నాను. దాన్ని వేళకు పంపగలిగితే ఆ ఇంటి గడప దాటి బతకడానికి ఒక దారి దొరుకుతుంది. లేకపోతే మేడ మీద కూర్చుని వంశవృక్షం వల్లె వేసుకోవడమే.

దరఖాస్తు నింపడం కష్టం కాలేదు. మూడు ఫొటోల మీద గెజిటెడ్ ఆఫీసరు చేత పచ్చసిరాతో సంతకం పెట్టించి, ముద్ర వేయించాలన్న చోట బండి ఆగింది. మా కాలేజీ ప్రైవేటుది కాబట్టి ప్రిన్సిపాలు సంతకం చెల్లదు. తహసీల్దారు ఉన్నాడు గాని, భూముల విషయంలో ఆయన మీద మేమే దావా వేసి ఉన్నాం. ఇక మిగిలింది కంకిపాడు పశువుల ఆస్పత్రి డాక్టరుగారు. ఆయన పక్క ఊరి చర్చిపేటవారి అబ్బాయి. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా పొలంలో కుప్పలు నూర్చాడు. ఆ సంగతి మా నాన్నగారికి బాగా గుర్తు. డాక్టరుగారికి ఇంకా బాగా గుర్తుండి ఉంటుంది.

మా వంశంలో ఒక ఆచారం ఉండేది. మేము ఎవరి గడపకూ వెళ్ళి ఏదీ అడగం. కబురు పంపుతాం, వాళ్ళు వస్తారు. కబురులో కారణం చెప్పం, ఎందుకంటే చెబితే అది అడగడం కిందికి వస్తుంది. దరఖాస్తు సోమవారం సాయంత్రానికల్లా విజయవాడ స్టేషన్లో రైలు తపాలా ఆఫీసులో పడితేనే గడువులోగా చేరుతుందని నేను శనివారం పొద్దున మొత్తుకుంటే, నాన్నగారు నింపాదిగా పాలవాణ్ణి పిలిచి, "డాక్టరుగారిని దివాణంవారు ఒకసారి రమ్మన్నారని చెప్పు" అన్నారు. "ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారండీ?" అన్నాడు పాలవాడు. "వస్తే తెలుస్తుందని చెప్పు" అన్నారు నాన్నగారు.

ఆదివారం పొద్దున చర్చి వదిలాక డాక్టరుగారు స్కూటరు మీద వచ్చారు. తెల్లచొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఒక చేతిలో తోలుసంచీ, రెండో చేతిలో ఒక మోకు. నన్ను చూసి నమస్కారం పెట్టి, అరుగు దగ్గర ఆగకుండా తిన్నగా పెరట్లో కొట్టం వైపు నడిచారు. వెనకాలే నాన్నగారు, ఆయన వెనకాలే నేను. కొట్టంలో విరిగిన పల్లకీ ఒకటి, కొబ్బరిమట్టలు కొన్ని, గుడ్లమీద ఒక కోడి ఉన్నాయి. డాక్టరుగారు నలుమూలలా చూసి, గేదె ఏ మూలో పడుకుని ఉంటుందనుకుని కాబోలు, గొంతు తగ్గించి అడిగారు.

"మేత మానేసి ఎన్నాళ్ళయిందండీ?"

నాన్నగారు అబద్ధం ఆడరు. ఇంట్లో పశువు లేదని ఒప్పుకోనూ లేరు. గడ్డం కొంచెం పైకెత్తి, "మా కొట్టంలో గేదె మేత ముట్టి రెండేళ్ళయింది" అన్నారు.

డాక్టరుగారు మోకు కింద పెట్టారు. కోడి వైపు ఒకసారి, నాన్నగారి వైపు ఒకసారి చూశారు. పాపం, పెదవి కొసన కూడా నవ్వు రానివ్వలేదు. "మరి నన్నెందుకు రమ్మన్నారండీ?" అన్నారు. "మావాడు చెబుతాడు" అని నాన్నగారు లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నడక ఎంత హుందాగా ఉందో చెప్పలేను. ఓడిపోయిన ప్రతి దావా తర్వాతా కోర్టులోంచి అలాగే నడిచి వచ్చేవారు.

నేను దరఖాస్తు, ఫొటోలు ఆయన ముందు పెట్టాను. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఏ మాటలు వాడాలో మా ఇంట్లో నేర్పలేదు. కాబట్టి గొంతు సవరించుకుని, "మీరు వీటి మీద సంతకం పెట్టవచ్చు" అన్నాను. ఏదో అగ్రహారం దానం ఇస్తున్నట్టు వినిపించింది నాకే.

"చాలా సంతోషమండీ" అని ఆయన ఫొటో చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. "వీరెవరండీ, మీ తాతగారా?"

"నేనే."

ఆయన తప్పేమీ లేదు. మనింటి మగవాడు ఒట్టితలతో ఫొటో దిగడమేమిటని నాయనమ్మ పెట్టెలోంచి తాతగారి జరీ తలపాగా తీసి నా నెత్తిన పెట్టించింది. విజయవాడ గవర్నరుపేటలో స్టూడియో అతను, అంత తలపాగాకింద మూతి బోసిగా ఉండటం చూడలేక, నన్ను అడక్కుండానే నెగెటివ్ మీద పెన్సిలుతో ఒక మీసం గీశాడు. ఇప్పుడు ఆ ఫొటోలో ఉన్నాయనకు పరీక్ష రాయవలసిన అవసరం ఉన్నట్టు కనిపించదు. పన్ను వసూలు చేసేవాడిలా ఉంటాడు.

"మీరేనని నేను రాసివ్వాలిగదండీ" అన్నారు డాక్టరుగారు. "ముద్ర కూడా ఇక్కడ లేదు, ఆస్పత్రిలో ఉంది. రేపు పొద్దున అక్కడికి రండి. వచ్చేటప్పుడు ఈయన్ని కూడా తీసుకురండి" అని ఫొటోలోని తలపాగా మీద వేలుపెట్టి చూపించి, మోకు చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజంతా మా ఇంట్లో చర్చ. వెళ్ళడమంటే అడగడమేనని నాన్నగారు మాట్లాడకుండానే చెప్పారు. నాయనమ్మ మాత్రం, "తలపాగాతో వెళ్తే అడిగినట్టు కాదురా, విచ్చేసినట్టు" అని తేల్చింది. అలా సోమవారం పొద్దున కాలవ గట్టున మూడు మైళ్ళు జరీ తలపాగాతో విచ్చేశాను. ఆస్పత్రి ముందు వరస ఉంది. నా ముందు ఒక ముసలి రైతు, ఆయన ముర్రా గేదె. నా వెనక మేకను ఎత్తుకున్న ఒక అమ్మ. నేను వెన్ను వంచకుండా నిలబడ్డాను. గేదె వెనక్కి తిరిగి తలపాగా చివర వేలాడుతున్న జరీని నాకి చూసింది.

"ఎవరి పెళ్ళి బాబూ?" అంది వెనక నుంచి ఆ అమ్మ.

"పెళ్ళి కాదు."

"మరి మీరేం తోలుకొచ్చారండీ?" అన్నాడు రైతు, నా చుట్టూ పశువుకోసం వెతుకుతూ.

"ఫొటో."

రైతు కొంచెంసేపు ఆలోచించాడు. "పశువు లేవలేని స్థితిలో ఉంటే ఫొటో చూసి మందిస్తారంటావా అమ్మా" అన్నాడు ఆ అమ్మతో. "ఇయ్యకేం, చదువుకున్నోళ్ళు" అంది ఆవిడ. అప్పుడు నాకు లోపల ఎక్కడో ఏదో తెగింది. నవ్వు వచ్చింది. పళ్ళు బిగించినా ఆగలేదు. తలపాగా చెవి మీదికి జారింది. ఎందుకు నవ్వుతున్నానో చెప్పమంటే విషయమంతా చెప్పాను, గేదె మేత మాని రెండేళ్ళయిన సంగతితో సహా. రైతు గేదెను పట్టుకుని మరీ నవ్వాడు. "పరీక్షంటే గడువుంటదిగా, ముందు మీరెళ్ళండి బాబూ. నా గేదె ఏ పరీక్షా రాయదు" అని నన్ను ముందుకు నెట్టాడు.

లోపల డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. నేను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాను. "డాక్టరుగారూ, దయచేసి సంతకం పెట్టిపెట్టండి. ఈ సాయంత్రంలోపల పంపకపోతే ఈ ఏడాది పోతుంది" అన్నాను. నా జీవితంలో నేను ఒకరిని అడిగిన మొదటి మాట అది. పైకప్పు ఊడిపడలేదు. ఆయన స్టూలు జరిపి, "కూర్చోండి" అన్నారు. తలపాగా పెట్టించి చూశారు, తీయించి చూశారు. "ముక్కు మీదేనండీ" అన్నారు చివరికి. "తలపాగా మీదే. మీసం ఎవరిదండీ?"

"స్టూడియో అతనిది."

ఆయన అప్పుడు నవ్వారు, అంతకు ముందురోజు దాచిపెట్టిన నవ్వుతో కలిపి. ప్రతి ఫొటో కింద పచ్చసిరాతో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. మీసం మినహా ఇతడే ఇతడని దాని భావం. పశువైద్యశాల గుండ్రటి ముద్ర మూడు ఫొటోల్లోనూ సరిగ్గా ఆ మీసం మీదే పడింది. అది నాది కాదు కాబట్టి నాకు బాధ కలగలేదు. పదకొండు గంటల బస్సు పట్టుకుని, మధ్యాహ్నానికి విజయవాడ స్టేషన్లో దరఖాస్తు రిజిస్టరు చేయించి, రసీదు చొక్కాజేబులో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద రెండు కప్పుల టీ తాగాను. (నెల తిరక్కుండా హాల్‌టికెట్టు వచ్చింది. పరీక్షహాల్లో పర్యవేక్షకుడు ఆ ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మరీ చదువుకున్నాడు. సీటు మాత్రం రెండోసారి రాస్తేగాని రాలేదు.)

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్నగారు అరుగుమీద కూర్చుని ఉన్నారు.

"అడిగావా?"

"అడిగానండి."

"ఏమన్నాడు?"

"కూర్చోమన్నారండి."

"కుర్చీ వేశాడా?"

"స్టూలు వేశారండి. ఆయనా స్టూలు మీదే కూర్చున్నారు."

"మర్యాదస్తుడు" అని, కాసేపాగి, "మర్యాదస్తులు" అని దిద్దుకున్నారు. అలా ఆయన తన మాటను తానే దిద్దుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ రాత్రి పడుకునేముందు, ఏడు తరాల పరువును పణంగా పెట్టి ఒక మహాకార్యం సాధించానని నేను గట్టిగా నమ్మాను. మూడు మైళ్ళు నడిచి ఒక సంతకం అడిగాను, అంతే. ఆ ఇరవై ఒక్కేళ్ళవాడికి ఆ సంగతి ఎవరైనా చెప్పవలసింది. ఇప్పుడు నేనే చెప్పగలను గాని, వాడు అంత సంతోషంగా నిద్రపోతున్నాడు, లేపడానికి మనసొప్పదు.