ఎండాకాలపు బొగ్గు

మాకు నడివేసవి అయిన జూలై నెలలో బస్తాల కొద్దీ బొగ్గు కొనే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను తొమ్మిదేళ్లు చూశాను. పేరు క్లెమెంట్ యార్డ్లీ, మాకు క్లెమ్. బర్మింగ్‌హామ్‌లో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి, రిటైరైన వారానికే ఇల్లు అమ్మేసి, రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉన్న పడవ కొనుక్కుని, మాలాగే అందులోనే కాపురముండటానికి మా కాలువ మీదికి వచ్చాడు. ఆయన పడవ వెనకే నా పడవ కట్టుకున్నాను కాబట్టి ఆయన సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

మనిషి మంచివాడే, నోరు మాత్రం పెద్దది. కట్టేసిన పడవల పక్కనుంచి ఎవరైనా కాస్త జోరుగా పోతే చాలు, మా పడవలు ఊగి టీ కప్పులు దొర్లుతాయి. అప్పుడు క్లెమ్ తలుపులోంచి మెడ బయటికి పెట్టి, "మెల్లగా పోవయ్యా! మనుషులున్నారిక్కడ!" అని అరిచేవాడు. ఆ కేకకి బాతులు కూడా నెమ్మదించేవి.

అలాంటి నోరు ఒక్క ఈనిడ్ స్ప్రాగ్ ముందు మూతపడేది. ఈనిడ్ బొగ్గు పడవ మనిషి. పదిహేను రోజులకోసారి బొగ్గు, డీజిలు, గ్యాస్ సిలిండర్లు వేసుకుని మా దగ్గరికి వచ్చేది. అరవై దాటినా యాభై కిలోల బస్తాని పిల్లిపిల్లలా ఎత్తేది. పెళ్లి చేసుకోలేదేమని అడిగితే తీరిక దొరకలేదనేది. ఆవిడ వచ్చే రోజు క్లెమ్ గడ్డం గీసుకునేవాడు.

"మళ్లీ రెండు బస్తాలా? పోయినసారివి ఏం చేశావు?" అని అడిగేది ఈనిడ్.

"రాత్రిళ్లు చలిగా ఉంటోంది ఈనిడ్."

"ఈ ఎండల్లోనా! ఒంట్లో బాగుందా నాయనా? డాక్టరుకి చూపించుకో."

ఆ బొగ్గంతా పడవ కప్పు మీద గుట్ట పడింది. పడవ ఒక పక్కకి ఒరిగింది కూడా. అయినా ఆయన నోట అసలు మాట రాలేదు.

కిందటి జూలైలో ఒక శుక్రవారం ఈనిడ్ వచ్చి, పడవ అమ్మేస్తున్నానని చెప్పింది. కొనేవాడు మర్నాడు, పడవల్ని కింది మట్టానికి దించే ఆఖరి లాకుకి అవతల ఎదురుచూస్తాడట. తను స్కార్‌బరోలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుందట. క్లెమ్ అంతా విని "మంచిది" అని మూడు బస్తాలు కొన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమయ్యా, ఆవిడ వెళ్లిపోతుంటే బొగ్గు కొంటావా? ఉండమనడానికి నోరు పెగల్లేదా?"

"రేపు చెప్తాలే హెస్టర్," అన్నాడు నేలచూపులు చూస్తూ.

పొద్దున్న మేం లేచేసరికి ఈనిడ్ బయల్దేరిపోయింది. క్లెమ్ సైకిలెక్కాడు. నేను నడిచాను. మా పడవల వేగానికి కాళ్లే ఎక్కువ. ఆఖరి లాకుకి కాస్త ఇవతల, ఈనిడ్ పడవ ఆపుకుని ఎవరికో వీడ్కోలు చెబుతోంది. క్లెమ్ చెయ్యి ఊపి, ఆగకుండా ముందుకి తొక్కేశాడు. లాకు ఖాళీగా ఉంది, లోపలి నీళ్లు కింది మట్టంలో ఉన్నాయి. వెనక పడవ వస్తోందంటే లాకు నింపి ఉంచడం మా అందరి అలవాటు. అది ఆయన చేతుల్లో పాతుకుపోయింది. నీళ్లు లోపలికి వదిలే పై తూములు ఎత్తేసి, లాకు తలుపు దూలం మీద కూర్చుని, చెప్పాల్సిన మాటలు లోపల్లోపల వల్లించుకోసాగాడు.

నేను రొప్పుతూ చేరుకున్నాను. "నువ్వొచ్చింది ఆవిణ్ణి ఆపడానికా, సాగనంపడానికా?"

ఆయన దూలం మీంచి లేచాడు. అప్పుడు వినబడింది నీటి హోరు. ముందు దిగిన పడవ వాళ్లెవరో కింది తూములు దించి మూయకుండా పోయారు. ఈయన చూసుకోలేదు. పైనుంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి పోయాయి. ఈ లాకుకీ దాని పైనున్న లాకుకీ మధ్య కాలువ అడుగు తేలింది. కడుపు నిండా బొగ్గుతో ఈనిడ్ పడవ బురదలో చతికిలబడింది.

"కాలువంతా తాగేసిన వెధవ ఎవడ్రా?" అని ఈనిడ్ కేక వినిపించింది.

క్లెమ్ గట్టు మీద నడిచి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. "నేనే."

"నువ్వా? అందరికీ పాఠాలు చెప్పేవాడివి!"

"నిన్ను ఉండమని అడగడానికొచ్చాను ఈనిడ్. నా దగ్గర మూడు చలికాలాలకి సరిపడా బొగ్గుంది. ఒక్కడికి ఎక్కువ."

ఈనిడ్ బురదలో దిగబడ్డ పడవ వైపు చెయ్యి చూపించింది. "ముందు నీళ్లు తీసుకురా," అంది.

పై లాకు నుంచి నీళ్లు వదిలి పడవ తేలేసరికి రెండు గంటలు పట్టింది. ఈనిడ్ పడవ నడుపుకుంటూ ఆఖరి లాకులోకి వచ్చింది. క్లెమ్ తనే తలుపులు తీశాడు. పడవ కిందికి దిగి, బయటికి వెళ్లిపోయింది. ఆయన అటు చూడలేక వీపు తిప్పి తూములు దించుతున్నాడు.

అంత పొడుగు పడవ ఎక్కడంటే అక్కడ తిరగదు. లాకు కింద కాలువ వెడల్పైన చోటే తిరగాలి. ఈనిడ్ పడవ ముక్కుని అవతలి గట్టుకి ఆనించింది. వెనక భాగం మెల్లగా చుట్టూ తిరిగింది. కొనడానికొచ్చినవాడు టోపీ చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇటు తిరిగి చూడవయ్యా!" అని క్లెమ్‌ని భుజం పట్టి తిప్పాను. ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

సాయంత్రానికి ఈనిడ్ మా పడవల దాకా వచ్చేసింది. ఎంత జోరుగా వచ్చిందంటే, నా టీ కూజా దొర్లి ముక్కలైంది.

"మెల్లగా! మనుషులున్నారిక్కడ!" అని అరిచాను.

గట్టు మీద తాడు అందుకోవడానికి నిలబడ్డ క్లెమ్ నా వైపు కోపంగా చూశాడు.

"పోనీ హెస్టర్, ఆవిడ తొందరలో ఉంది!"