సగం ఆయన కోసిన కడ్డీ

ఆ రోజు పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, చినమామగారు పోయారని. పెద్దకర్మ నాడు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. అప్పటినుంచి కూర్చోలేను, నిలబడలేను, జపంలో మనసు నిలవదు. అందుకే రాస్తున్నాను.

ఆయన మావారికి బాబాయి. మేముండే ఈ పరాయి దేశంలో, కానింగ్ వేల్ అనే చోట ఆయనకో షెడ్డు, అందులో ఇనుము కోసే పాత అమెరికన్ బ్యాండ్‌సా, అంటే మిషన్ రంపం. ఏళ్ళ తరబడి ఆయన పక్కనే పనిచేశాను. ఆ రంపం చేసినవాళ్ళ కథ మన ఇంటివాళ్ళ కథలా చెప్పేవారు.

"ఒక తండ్రి, కొడుకులు. అమ్ముదామని కాదమ్మా, తమ పనికి తాము చేసుకున్నారు. పక్క షాపువాడు చూసి నాకూ ఒకటి కావాలన్నాడు. అంతే, అసలు పని మూలన పడింది, రంపాలే బతుకైపోయాయి."

తర్వాత ఆ కంపెనీ చేతులు మారింది. ఇక విడిభాగాలు దొరకవేమోనని ఆయనకు ఒకటే కంగారు. ఆ కంపెనీకే ఫోన్ చేసి మిషన్ నంబరు చెబితే అవతలి ముసలాయన, అది నేనే బిగించాను, ఇంకా కోస్తోందా అన్నాడట. ఆ పూట చినమామగారే టీ పెట్టి నాకిచ్చారు.

దసరాకి నేను రంపానికి బొట్టు పెడుతుంటే, "గార్డు మీద, ఆ పైమూత మీద పెట్టు తల్లీ. పళ్ళ జోలికి అమ్మవారు కూడా వెళ్ళదు" అనేవారు.

చివరిసారి ఓ లావుపాటి కడ్డీ సగం కోశాక బ్లేడు తెగింది. ఆయాసంగా ఉందంటూ స్టూలు మీద కూర్చున్నారు. మళ్ళీ షెడ్డుకి రాలేదు.

కర్మ అయ్యాక ఆయన కూతురు షెడ్డుకి వచ్చింది.

"వదినా, ఫ్రైడే స్క్రాప్ అతను వస్తాడు. ఐ కాంట్ రన్ దిస్."

"నేను నడుపుతానమ్మా."

"నువ్వా? నాన్న లేకుండా?"

ఆయన సగం కోసిన కడ్డీ ఇంకా రంపంలోనే బిగించి ఉంది. కొత్త బ్లేడు ఎక్కించాను.

"హాఫ్ అయిపోయిందిగా, జస్ట్ కంటిన్యూ చెయ్యి" అంది.

అలా చేయకూడదు. అరిగిన బ్లేడు కోసిన గాటు సన్నగా ఉంటుంది. కొత్త బ్లేడు అందులో ఇరుక్కుని పళ్ళు రాల్చుకుంటుంది. "కొత్తదానికి దాని దారి దానికివ్వాలి" అనేవారు చినమామగారు. కడ్డీని తిరగేసి బిగించి, అవతలి వైపు నుంచి బ్లేడుని మెల్లగా దింపాను. లోలోపల అమ్మవారి నామాలు తడబడుతున్నాయి. రెండు గాట్లూ కలిసి ముక్క ట్రేలో పడింది.

ఆమె కోసిన ముఖం మీద వేలు రాసింది. "మధ్యలో లైన్ ఉందే."

"మీ నాన్నగారు ఇలా రెండు వైపులా కోసినా ఉంటుంది. ఈ సగం ఆయనదే."

ఆ సగం మీదే వేలు చాలాసేపు ఉంచింది. తర్వాత స్క్రాప్ అతనికి ఫోన్ చేసి రావద్దంది. "సిక్స్ మంత్స్ చూద్దాం వదినా. అంతే."

ఆ ఆరు నెలలూ గడిచేదాకా నా గుండె కుదుటపడదు. ఈ కాగితాలు ఇంట్లో ఎవరి చేతికైనా వస్తే దాచండి, అప్పటిదాకా ఎవరికీ చూపకండి. ముక్కని మర్నాడు కస్టమర్ తీసుకెళ్ళాడు. ట్రక్కులో పెడుతుంటే దాని ముఖం ఎండలో మెరిసింది, సగం ఒక తీరుగా, సగం ఇంకో తీరుగా.